డాబా ఎవరిది, సెల్లారు ఎవరిది? గోదావరి పట్టణాల్లో ఉమ్మడి ఆస్తి తగాదాలు

ఇరవై ఫ్లాట్ల అపార్ట్‌మెంట్ ఒకటి అనుకుందాం. డాబా మీద సెల్ టవర్ పెట్టుకోనిస్తే నెలనెలా అద్దె కడతానని ఒక కంపెనీ వచ్చింది. పద్నాలుగు మంది సరేనన్నారు. పై అంతస్తులో కాపురముంటున్న ఇద్దరు ససేమిరా అన్నారు. మిగిలిన నలుగురు హైదరాబాదులోనో అమెరికాలోనో ఉండి, వాట్సాప్ గ్రూపులో బొటనవేలి బొమ్మ పెట్టి ఊరుకున్నారు. కమిటీ మినిట్స్ పుస్తకంలో తీర్మానం రాసేసి అడ్వాన్సు పుచ్చుకుంది. ఆ తీర్మానం చెల్లుతుందా? ఇద్దరు కాదన్నారని పద్దెనిమిది మంది ఆగిపోవాలా? పద్దెనిమిది మంది ఔనన్నారని ఆ ఇద్దరి హక్కు పోవాలా?

రాజమండ్రి దానవాయిపేటలో, కాకినాడ రామారావుపేటలో, భీమవరంలో, తణుకులో, అమలాపురంలో సెల్ టవర్ బదులు ఇంకోటి ఉంటుంది. ఒకచోట పెంట్‌హౌస్, ఒకచోట సెల్లారులో కట్టిన గది, మరోచోట వాస్తు కోసం మూసేసిన గేటు. ప్రశ్న మాత్రం ఇదే. దీనికి చట్టం ఏం చెబుతోంది, న్యాయస్థానాలు ఏమన్నాయి, కమిటీల ఇబ్బందులేమిటి, ఒప్పుకోని యజమానికి ఉన్న దారులేమిటి అన్నది ఒకచోట పెట్టి చూడడమే ఈ వ్యాసం పని. చూశాక తేలేది ఒక్కటే. సంఘం చేతిలో ఉన్నది ఉమ్మడి ఆస్తిని చూసుకునే అధికారం. ఆ ఆస్తికి సొంతదారు సంఘం కాదు. తగాదాల్లో ఎక్కువ భాగం ఈ తేడాను కమిటీ మరిచిపోవడం వల్ల పుడుతున్నాయి. మిగతావి ఈ తేడాను అడ్డం పెట్టుకుని అవసరమైన మరమ్మతును కూడా కొందరు ఆపడం వల్ల పుడుతున్నాయి.

పెంకుటిల్లు పోయి వాటా గజాలు వచ్చాయి

గోదావరి పట్టణాల్లో అపార్ట్‌మెంటు ఎలా పుడుతుందో చూస్తే తగాదా విత్తనం ఎక్కడుందో తెలుస్తుంది. ఊరి నడుమ తాతలనాటి పెంకుటిల్లు, వెనక పెరడు, నుయ్యి. పిల్లలు తలో ఊళ్ళో స్థిరపడ్డాక ఆ ఇంటిని బిల్డరుకి డెవలప్‌మెంటుకి ఇస్తారు. స్థలం వాళ్ళకి సగమో, కాస్త అటూ ఇటూగానో ఫ్లాట్లు వస్తాయి. మిగతావి బిల్డరు అమ్ముకుంటాడు. అంటే సంఘం పుట్టేనాటికే అందులో ఒక కుటుంబానికి నాలుగైదు ఫ్లాట్లుంటాయి. స్థలం మాది అన్న అభిమానమూ ఉంటుంది. మిగతావాళ్ళు విడివిడిగా కొనుక్కున్నవాళ్ళు.

కొన్నవాడి దస్తావేజులో రెండు ఆస్తులుంటాయి. ఒకటి ఫ్లాటు, చదరపు అడుగుల లెక్కతో, నాలుగు హద్దులతో. రెండోది మొత్తం స్థలంలో విభజించని, ఫలానా చోటని గుర్తించని ఇన్ని చదరపు గజాలు. మొదటిదానికి తలుపుంది, తాళముంది. రెండోది మెట్ల మీద, లిఫ్టు ముందు, డాబా మీద, కారు కింద అంతటా పరచుకుని ఉంటుంది. దానికి తాళం వేసే వీలు లేదు. కొనేటప్పుడు మొదటిదాని గురించి గోడ గోడా తట్టి చూసేవాళ్ళు రెండోదాని గురించి ఒక్క ప్రశ్న కూడా అడగరు.

డెల్టా నేల కూడా ఈ ఉమ్మడిని పెంచింది. నీరు పైపైనే ఉండే నేలలో లోతుగా తవ్వి బేస్‌మెంటు కట్టడం కష్టం, ఖర్చు. అందుకే భవనాన్ని స్తంభాల మీద లేపి కింద కార్లు పెడతారు. జనం సెల్లారు అనేది దాన్నే. తీరం దగ్గర బోరు నీళ్ళు ఉప్పగా ఉంటాయి కాబట్టి మున్సిపల్ కుళాయి, సంపు, మోటారు, పై ట్యాంకు అందరికీ ఒక్కటే. కాకినాడలాంటి చోట్ల ఉప్పుగాలికి కాంక్రీటులో ఇనుము త్వరగా తుప్పు పడుతుంది. 1996 నవంబరులో కోనసీమను ఊడ్చేసిన తుపానును చూసినవాళ్ళకి డాబా మీద వేసిన రేకుల షెడ్డు గాలికి ఏమవుతుందో చెప్పక్కర్లేదు. ఒకరు వేసిన రేకు ఎగిరితే పక్కవాడి కారు మీద పడుతుంది.

నిజానికి ఉమ్మడి ఆస్తితో బతకడం ఈ ప్రాంతానికి కొత్తేమీ కాదు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయిన దగ్గర్నుంచి డెల్టా రైతు బతుకంతా ఉమ్మడి కాలువ మీదే. ఎగువ రైతు తూము వెడల్పు చేసుకుంటే శివారు రైతు చేను ఎండుతుంది. నీరు చాలని రెండో పంట దాళ్వాలో వంతులు వేసుకుని పండించుకోవడం ఇక్కడ అలవాటు. సాగునీటి వ్యవస్థల నిర్వహణను రైతులకే అప్పగిస్తూ 1997లో చట్టం వచ్చింది, నీటి వినియోగదారుల సంఘాలు ఏర్పడ్డాయి. ఆ సంఘం పూడిక తీయిస్తుంది, గట్టు కట్టిస్తుంది, వంతులు చూస్తుంది. శివారు రైతు వంతును ఓట్లేసి ఎగువవాడికి రాసిచ్చేస్తామంటే మాత్రం ఏ ఊరూ ఒప్పుకోదు. పొలం గట్టు మీద అంత స్పష్టంగా ఉన్న ఈ తెలివిడి అపార్ట్‌మెంట్ మెట్లెక్కేసరికి మసకబారిపోతోంది.

తగాదాలు పుట్టే చోట్లు

అన్నిటికంటే ముందు సెల్లారు. ప్లానులో పార్కింగ్ అని చూపిన చోట వాచ్‌మన్ గది పెరుగుతుంది, పక్కన స్టోరు గది వెలుస్తుంది, రోడ్డు వైపున ఒక షట్టరు దిగుతుంది. షట్టరుకి అద్దె వస్తుంది, ఆ అద్దె మెయింటెనెన్సుకి కలుపుతామంటుంది కమిటీ. కారు లేనివాళ్ళు సంతోషిస్తారు. రేపు కారు కొనబోయేవాడు నష్టపోతాడు. పదిహేనేళ్ళ కింద కట్టిన భవనాల్లో ఫ్లాటుకొక కారు చోటు కూడా లేదు. అప్పట్లో స్కూటర్లుండేవి. ఇప్పుడు ఇంటికి రెండు కార్లు. బిల్డరు కొందరికి పార్కింగు రాసిచ్చి, కొందరికి నోటిమాటతో సరిపెట్టి వెళ్ళిపోతే, ఆ లెక్క తేల్చే భారం కమిటీ నెత్తిన పడుతుంది. కమిటీ చోట్లు మార్చిందంటే చాలు, తగాదా మొదలు.

రెండోది డాబా. ఒకప్పుడు అక్కడ ఊరగాయ ముక్కలు ఎండేవి, వడియాలు ఎండేవి, వేసవి రాత్రుళ్ళు మంచాలు పడేవి. ఇప్పుడు డాబా అంటే డబ్బు. ఇంకో అంతస్తు లేపుకోవచ్చు, పెంట్‌హౌస్ కట్టుకోవచ్చు, టవర్‌కి, హోర్డింగ్‌కి అద్దెకివ్వొచ్చు. చాలా దస్తావేజుల్లో ఒక మూల, పై అంతస్తులు వేసుకునే హక్కు బిల్డరుకో స్థల యజమానికో మిగిలి ఉంటుందన్న వాక్యం దూరుతుంది. సంతకం పెట్టేటప్పుడు ఎవరూ చదవరు. పదేళ్ళ తర్వాత పైన ఇటుకలు దిగినప్పుడు అందరూ దస్తావేజులు తీస్తారు. ఒక అంతస్తు పెరిగిందంటే అదే స్థలం మీద కొత్త వాటాదారు వచ్చాడని అర్థం. లిఫ్టుకి, సంపుకి, పునాదికి కొత్త బరువు వచ్చిందని అర్థం. అక్రమ కట్టడాల క్రమబద్ధీకరణ పథకాలు 2007 నుంచి విడతలు విడతలుగా వచ్చాయి. జరిమానా కట్టి పెంట్‌హౌస్‌ని క్రమబద్ధం చేయించుకున్నవాళ్ళు ఇక అడిగేవాడు లేడనుకుంటారు. మున్సిపాలిటీ క్షమించేది ప్లాను ఉల్లంఘనను. తోటి యజమానుల వాటాను కొత్తవాడికి పంచే అధికారం మున్సిపాలిటీకి లేదు.

మూడోది గుమ్మాల ముందు, గేట్ల దగ్గర. కారిడారులో ఇనుప గ్రిల్లు బిగించి ఆ చోటును హాలులో కలిపేసుకోవడం, చెప్పుల స్టాండు మెట్ల దాకా పాకడం ఎక్కడైనా ఉన్నదే. మన వైపు వీటికి వాస్తు తోడవుతుంది. కొత్త అధ్యక్షుడు వచ్చాక దక్షిణం గేటు మూసేసి తూర్పున తీయాలంటాడు, ఉన్న బోరు నైరుతిలో ఉందని ఈశాన్యంలో కొత్తది వేయాలంటాడు. ఖర్చు అందరిదీ, నమ్మకం కొందరిదీ. గేటు మారితే ఒకరి కారు తిరగదు, ఒకరి పడగ్గది కిటికీ కింద రోజంతా హారన్లు. వద్దన్న మనిషిని పట్టుకుని ‘మీకేం పోయిందండీ’ అంటారు. అతనికి పోయేదేమిటో అడిగి రాసుకునేవాళ్ళు ఆ కుర్చీల్లో ఎవరూ ఉండరు.

నాలుగోది కొత్త అవసరాలు. పాత లిఫ్టు తీసి కొత్తది పెట్టడం, పెద్దవాళ్ళ కోసం ర్యాంపు, కెమెరాలు, సోలార్ పలకలు, విద్యుత్ స్కూటరుకి ఛార్జింగ్ పాయింటు. వీటిలో కొన్నిటికి ప్రభుత్వమే దారి వేసింది. 2024 ఫిబ్రవరిలో సవరించిన విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనల ప్రకారం వాహనం ఛార్జింగ్ కోసం యజమాని విడిగా కనెక్షన్ అడగొచ్చు. అపార్ట్‌మెంటు మొత్తానికి ఒకే కనెక్షన్ ఉండాలా, ఇంటికొకటి ఉండాలా అన్నదాన్ని పారదర్శకమైన ఓటింగు ద్వారా తేల్చాలని కూడా ఆ నిబంధనలు చెబుతున్నాయి. అదే ఏడాది మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో ఉమ్మడి అవసరాలకు సోలార్ పెట్టుకునే నివాస సంఘాలకు కిలోవాటుకు 18,000 రూపాయల సాయం ఉంది. లిఫ్టు, మోటారు, మెట్ల దీపాల కరెంటు బిల్లు చూసి గుండెలు బాదుకునే సంఘాలకు ఇది మంచి కబురే. కాకపోతే పలకలు డాబాలో ఎంత మేర ఆక్రమిస్తాయి, వడియాలెక్కడ ఎండాలి అన్న పాత ప్రశ్న మళ్ళీ లేస్తుంది.

చట్టం మూడు పొరలు

ఆంధ్రప్రదేశ్‌లో అపార్ట్‌మెంటు యజమానికి మూడు రకాల చట్టాలు వర్తిస్తాయి. అవి ఒకదానితో ఒకటి సరిగా మాట్లాడుకోవు. చిక్కంతా అక్కడే.

మొదటిది 1987 నాటి అపార్ట్‌మెంట్ల నిర్మాణ, యాజమాన్య ప్రోత్సాహక చట్టం. ఫ్లాటు సొంతం, ఉమ్మడి ప్రదేశాల్లో వాటా అవిభాజ్యం, ఆ వాటాను ఫ్లాటు నుంచి విడదీసి అమ్మడం కుదరదు, యజమానులంతా సంఘంగా ఏర్పడాలి అన్న మూల సూత్రాలు ఇందులోవే. ఎవరి యాజమాన్యం ఏమిటో చెప్పేది ఈ చట్టం.

రెండోది సంఘం ఏ చట్టం కింద రిజిస్టరయితే ఆ చట్టం. ఎక్కువమంది 2001 నాటి సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద జిల్లా రిజిస్ట్రార్ దగ్గర నమోదు చేయిస్తారు. కొందరు 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం కింద, కొన్ని పాత సంఘాలు 1964 నాటి సహకార చట్టం కింద ఉంటాయి. సమావేశం, కోరం, ఎన్నిక, లెక్కలు, బైలా సవరణ, సభ్యుల తగాదా ఎక్కడ వినాలి అన్నవి ఈ పొరలో ఉంటాయి. సంఘం ఎలా నడవాలో ఇది చెబుతుంది. నడిపేవాళ్ళకి డాబా మీద యాజమాన్యాన్ని మాత్రం ఇవ్వదు.

మూడోది 2016 నాటి స్థిరాస్తి నియంత్రణ చట్టం, అందరూ రెరా అనేది. ఉమ్మడి ప్రదేశాలంటే ఏమిటో ఈ చట్టం వివరంగా చెప్పింది. మెట్లు, లిఫ్టులు, లాబీలు, డాబాలు, ఆటస్థలాలు, బహిరంగ పార్కింగు, సంపులు, మోటార్లు, చివరికి కాపలా సిబ్బంది ఉండే గది కూడా అందులో చేరింది. పైకప్పు, మూడు వైపులా గోడలు ఉంటేనే గ్యారేజీ అని కూడా ఈ చట్టమే తేల్చింది. స్తంభాల మధ్య గీత గీసి అంకె వేసిన చోటు గ్యారేజీ అయిపోదు.

రెరాలో ఇంకో ముఖ్యమైన మాటుంది. అనుమతి పొందిన ప్లానులో గానీ ఉమ్మడి ప్రదేశాల్లో గానీ మార్పు చేయాలంటే బిల్డరు కాకుండా మిగతా కొనుగోలుదారుల్లో కనీసం మూడింట రెండొంతుల మంది ముందుగా రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. ఇక్కడ తల లెక్కే లెక్క. ఒక మనిషి లేదా ఒక కుటుంబం ఎన్ని ఫ్లాట్లు కొన్నా ఒక్కరిగానే చూస్తారు. నాలుగైదు ఫ్లాట్లున్న ఇంటివాళ్ళు ఓట్లన్నీ మూటగట్టి మిగతావాళ్ళ మీద పెత్తనం చేయకుండా చేసిన ఏర్పాటు ఇది. కానీ ఈ నిబంధన బిల్డరుకి పెట్టిన కళ్ళెం. భవనం అప్పగించాక సంఘం చేసే మార్పులకు ఇదే లెక్క వర్తిస్తుందని చట్టం ఎక్కడా సూటిగా చెప్పలేదు. అక్కడికొచ్చేసరికి మళ్ళీ బైలాయే దిక్కు.

ఆ బైలా చాలాచోట్ల టైపింగు షాపులో దొరికిన నమూనా. మెయింటెనెన్సు ఎప్పుడు కట్టాలో, కట్టకపోతే జరిమానా ఎంతో నాలుగు వాక్యాలుంటాయి. డాబా అద్దెకివ్వాలంటే ఎంతమంది ఒప్పుకోవాలో ఒక్క వాక్యం ఉండదు.

ఇంకో ఖాళీ ఉంది, అది చిన్న పట్టణాలను గట్టిగా తాకుతుంది. సొసైటీగా నమోదు కావాలంటే కనీసం ఏడుగురు సభ్యులుండాలి. రెరా నమోదు నుంచి 500 చదరపు మీటర్లు మించని స్థలాలకు, ఎనిమిది ఫ్లాట్లు దాటని కట్టడాలకు మినహాయింపు ఉంది. గోదావరి ఊళ్ళలో అంతస్తుకొకటి చొప్పున అయిదు ఫ్లాట్ల భవనాలు వీధికి నాలుగు కనిపిస్తాయి. వీటిలో చాలావాటికి నమోదైన సంఘమూ లేదు, రెరా నీడా లేదు. వాళ్ళకి మిగిలేవి దస్తావేజు, మున్సిపల్ ప్లాను, సివిల్ కోర్టు. ‘మనలో మనకెందుకండీ కాగితాలు’ అన్న మర్యాదతో రోజులు గడుస్తాయి. ఆ అయిదుగురిలో ఒకరు ఫ్లాటు అమ్మేసి కొత్తవాళ్ళు దిగిన రోజున మర్యాద చాలదు.

న్యాయస్థానాలు గీసిన గీతలు

ఇక్కడి తగాదాల్లో ఎక్కువ భాగం స్థానిక కోర్టుల్లో మధ్యంతర ఉత్తర్వుల దగ్గరే, లేదా పెద్దమనుషుల రాజీతో ముగిసిపోతాయి. సూత్రం తెలియాలంటే సుప్రీంకోర్టు తీర్పుల దగ్గరికి వెళ్ళాలి.

2010 ఆగస్టు 31న ఇచ్చిన నహల్‌చంద్ లాలూచంద్ తీర్పు ముంబయికి చెందిన పాంచాలి సహకార గృహ సంఘం కేసులోది. స్తంభాల కింది పార్కింగును ఫ్లాటుతో సంబంధం లేకుండా బయటివాళ్ళకి అమ్ముకుంటానంది బిల్డరు సంస్థ నహల్‌చంద్ లాలూచంద్. అది ఉమ్మడి ప్రదేశమే, విడిగా అమ్మే సరుకు కాదు అంది కోర్టు. తీర్పు మహారాష్ట్ర చట్టం మీద ఇచ్చింది. అయినా పార్కింగు తగాదా ఏ రాష్ట్రంలో వచ్చినా వకీళ్ళు ముందుగా తీసేది దీన్నే. దీని భావం కమిటీలకూ అందాలి. బిల్డరే అమ్మలేని చోటును కమిటీ ఒకరికి శాశ్వతంగా ఎలా రాసివ్వగలదు? కేటాయించగలదు, వంతులు వేయగలదు, గీతలు గీయగలదు. హక్కుగా ఇవ్వలేదు.

సరిగ్గా పదకొండేళ్ళకి, 2021 ఆగస్టు 31న, నోయిడాలోని సూపర్‌టెక్ ఎమరాల్డ్ కోర్టు కేసులో ఇంకా గట్టి తీర్పు వచ్చింది. అక్కడ కోర్టుకెక్కింది ఆ ప్రాంగణంలోని నివాసుల సంఘమే. పచ్చిక ఉండాల్సిన చోట బిల్డరు రెండు ఆకాశహర్మ్యాలు లేపాడు, అధికారులు ప్లాను సవరించి ఇచ్చారు. మొదట ఫ్లాట్లు కొన్నవాళ్ళ అంగీకారం లేకుండా అలా కట్టడం వాళ్ళ ఉమ్మడి వాటాను తగ్గించడమేనని కోర్టు తేల్చింది. 2022 ఆగస్టు 28న ఆ రెండు టవర్లనూ పేలుడు పదార్థాలతో కూల్చేశారు. ప్లానుకి అనుమతి ఉంది కాబట్టి పక్కవాడి సమ్మతి అక్కర్లేదన్న వాదనకు అంతకంటే పెద్ద జవాబు దేశంలో ఇంతవరకు లేదు. మన డాబా మీద పెంట్‌హౌస్ ఆ టవర్ల పక్కన పిపీలికం. సూత్రం మాత్రం రెండింటికీ ఒకటే.

అమెరికాలో స్థిరపడ్డ తెలుగువాళ్ళకి ఈ గొడవ ఇంకో రూపంలో తెలుసు. టెక్సాస్‌లో, న్యూజెర్సీలో ఇల్లు కొంటే చాలాచోట్ల ఇంటి యజమానుల సంఘం ముందే రాసిపెట్టిన నియమాలకు కట్టుబడాలి. గోడ రంగు, కంచె ఎత్తు, వెనక షెడ్డు అన్నిటికీ అనుమతి కావాలి. అక్కడ సంఘం బలం ఎక్కువైనప్పుడు శాసనసభలే కత్తెర వేస్తాయి. ఇళ్ళ ముందు మతపరమైన చిహ్నాలు పెట్టుకోవడాన్ని నిషేధించే అధికారాన్ని టెక్సాస్ 2021లో బాగా కుదించింది. మనకీ వాళ్ళకీ తేడా ఏమిటంటే, అక్కడ నియమం ముందు, కొనుగోలు తర్వాత. ఇక్కడ ఫ్లాటు ముందు, గృహప్రవేశం తర్వాత, నియమం తగాదా వచ్చాక.

కమిటీ గోడు కూడా వినాలి

ఇంతవరకు చెప్పింది వింటే కమిటీలన్నీ దౌర్జన్యం చేస్తున్నాయనిపిస్తుంది. అది సగమే. జీతం భత్యం లేకుండా, రిటైరైన ఉపాధ్యాయుడో బ్యాంకు ఉద్యోగో పొద్దున్నే మోటారు వేసి, లిఫ్టువాణ్ణి పిలిచి, మెయింటెనెన్సు కోసం గుమ్మం గుమ్మం తిరిగితేనే ఆ భవనం నడుస్తోంది. యజమాని ఎక్కడో ఉంటాడు. అద్దెకున్నవాడు ‘ఓనరుగారిని అడగండి’ అంటాడు. ఓనరుగారు ఫోనెత్తరు. ప్రతిదానికీ అందరి సంతకం కావాలంటే పగిలిన పైపు కూడా బాగుపడదు.

ఇలాంటి వాదులాట ఎంత దూరం పోగలదో చూడాలంటే ఫ్లోరిడాలోని సర్ఫ్‌సైడ్ వైపు చూడాలి. అక్కడ సముద్రం ఒడ్డున 1981లో కట్టిన పన్నెండంతస్తుల ఛాంప్లెయిన్ టవర్స్ సౌత్‌లో కాంక్రీటు దెబ్బతిన్నదని 2018లోనే ఇంజనీరు నివేదిక ఇచ్చాడు. మరమ్మతు ఖర్చు యజమానులు తలా ఎంత భరించాలన్న దాని మీద ఏళ్ళ తరబడి వాదులాట సాగింది, 2019లో బోర్డు సభ్యులు పలువురు రాజీనామా చేశారు. దాదాపు కోటిన్నర డాలర్ల పనికి చందా ఖాయమైంది 2021 ఏప్రిల్‌లో. ఆ జూన్ 24న అర్ధరాత్రి దాటాక భవనం కుప్పకూలింది, 98 మంది పోయారు. కూలడానికి కారణాలు కట్టడంలోనివి. ఆలస్యం మాత్రం సమావేశాలది. మరుసటి ఏడాదే ఫ్లోరిడా పాత భవనాలకు తప్పనిసరి పరీక్షలు, మరమ్మతు నిధులు చట్టంలో పెట్టింది.

కాకినాడ ఉప్పుగాలిలో పాతికేళ్ళు దాటిన భవనాలకు ఈ కథ దూరపుది కాదు. బాల్కనీ కింద పెచ్చులూడి ఇనుప కడ్డీ కనిపిస్తున్నా, ‘మా ఫ్లాటు కింద బాగానే ఉందండీ’ అని డబ్బు కట్టని యజమానులున్నారు. గేటు మార్చొద్దనే హక్కున్న మనిషికి స్తంభం బాగుచేయొద్దనే హక్కు లేదు.

మూడు రకాల మార్పులు, మూడు రకాల సమ్మతి

చట్టాల్లో, తీర్పుల్లో, అనుభవంలో ఉన్నదాన్ని కలిపి చూస్తే ఉమ్మడి ఆస్తి మీద జరిగే పనులు మూడు తరగతులుగా విడిపోతాయి. వీటిని కలిపేయడమే అసలు రోగం.

ఒకటి, ఉన్నదాన్ని ఉన్నట్టుగా నిలబెట్టే పని. లీకు ఆపడం, లిఫ్టు తాడు మార్చడం, కాలం చెల్లిన లిఫ్టు తీసి అదే చోట కొత్తది పెట్టడం, తుప్పు పట్టిన స్తంభం బాగుచేయడం. ఇందులో ఎవరి హక్కూ మారదు. చిన్నదైతే కమిటీ, పెద్దదైతే సర్వసభ్య సమావేశంలో మామూలు మెజారిటీ చాలు. ఒప్పుకోనివాడూ డబ్బు కట్టాల్సిందే.

రెండు, లేనిదాన్ని చేర్చే పని. ర్యాంపు, సోలార్, కెమెరా, కొత్త బోరు, గేటు మార్పు. యాజమాన్యం మారదు గానీ వాడుక మారుతుంది, ఒకరికి సౌకర్యం మరొకరికి ఇబ్బంది కావచ్చు. దీనికి రెరా చూపిన మూడింట రెండొంతుల లెక్కను బైలాలో పెట్టుకోవడం మంచిది, అదీ ఫ్లాటుకొక ఓటుగా కాకుండా కుటుంబానికొక ఓటుగా. దెబ్బ తగిలేవాళ్ళు ఎవరో ముందే గుర్తించి వాళ్ళ మాట మినిట్స్‌లో రాయాలి. వాస్తు గేటు ఈ తరగతిలోకి వస్తుంది. కిటికీ కింద హారన్లు మోగే మనిషికి ప్రత్యామ్నాయం చూపించకుండా తీర్మానం చేయకూడదు.

మూడు, ఒకరి వాటాను తగ్గించే లేదా మరొకరికి అప్పగించే పని. డాబా మీద అంతస్తు, సెల్లారులో షట్టరు, ఒకరికి శాశ్వత పార్కింగు, కారిడారు కలుపుకోవడం, ఏళ్ళ తరబడి సాగే టవరు లీజు. ఇక్కడ మెజారిటీ అనే మాటకి చోటు లేదు. వాటా ఎవరిదో వాళ్ళు ఇస్తేనే పోతుంది, పక్కవాళ్ళు ఓటేస్తే పోదు. దస్తావేజులో బిల్డరు మిగుల్చుకున్నాననే డాబా హక్కు కూడా ప్లానుకి, చట్టానికి లోబడే ఉండాలి. కొన్నవాడి చేత గుడ్డిగా సంతకం పెట్టించుకున్నంత మాత్రాన అది తేలిపోదు.

మొదట అడిగిన ప్రశ్నకి జవాబు ఇక్కడ దొరుకుతుంది. డాబాలో ఒక భాగాన్ని ఏళ్ళ తరబడి బయటి కంపెనీ చేతిలో పెట్టే లీజు నా దృష్టిలో మూడో తరగతిదే. పద్నాలుగు మంది సరేనన్నా తీర్మానం నిలవదు. వాట్సాప్‌లో పెట్టిన బొటనవేలు రాతపూర్వక సమ్మతి కాదు. ఆ ఇద్దరి అభ్యంతరానికి కారణం రేడియేషన్ భయమా, బరువా, చప్పుడా అన్నది వేరే చర్చ. కారణం చెప్పకపోయినా వాళ్ళ వాటా వాళ్ళదే. ఇది మరీ కఠినం, అద్దె వస్తే అందరికీ లాభమే కదా అనేవాళ్ళున్నారు. లాభమే అయితే ఆ ఇద్దరినీ ఒప్పించడానికి ఎక్కువ వాటా ఇవ్వొచ్చు, టవర్ చోటు మార్చొచ్చు, గడువు తగ్గించొచ్చు. సమ్మతి కావాలన్న నియమం ఉంటేనే కమిటీ ఈ బేరానికి కూర్చుంటుంది. మెజారిటీతో సరిపోతుందంటే ఆ ఇద్దరి తలుపు తట్టాల్సిన అవసరమే కమిటీకి ఉండదు.

ఎక్కడికి వెళ్ళాలి, ఎప్పుడు వెళ్ళాలి

ఒప్పుకోని యజమాని చేసే పెద్ద పొరపాటు ఆలస్యం. ఇటుకలు దిగుతున్నప్పుడు గొణిగి, స్లాబు పడ్డాక ఉత్తరం రాసి, రంగులు వేశాక కోర్టుకు వెళ్తారు. 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం ప్రకారం, జరుగుతున్న ఉల్లంఘనకు ఊరుకుని ఒప్పుకున్నవాడికి ఇంజంక్షన్ ఇవ్వరు. కట్టేది ఆపమని అడగడం తేలిక, కట్టింది కూల్చమని అడగడం కష్టం. అందుకే అభ్యంతరం మొదటి రోజునే, రాతలో, తేదీతో ఉండాలి. అధ్యక్షుడికి స్పీడ్ పోస్టులో పంపి నకలు దాచుకోవాలి. మినిట్స్‌లో తన పేరు వ్యతిరేకుల్లో రాయించుకోవాలి.

తర్వాత దారి తగాదా ఎవరితో అన్నదాన్ని బట్టి ఉంటుంది. ప్లానుకి విరుద్ధమైన కట్టడమైతే నగరపాలక సంస్థ లేదా మున్సిపాలిటీ పట్టణ ప్రణాళిక విభాగానికి ఫిర్యాదు చేయాలి. పార్కింగుగా చూపిన అంతస్తును మరోపనికి వాడడం వాళ్ళు చూడాల్సిన విషయమే. తగాదా బిల్డరుతో అయి, ప్రాజెక్టు రెరా కిందదైతే రెరా ప్రాధికార సంస్థ ఉంది. అప్పగించిన అయిదేళ్ళ లోపు నిర్మాణ లోపం బయటపడితే ఉచితంగా సరిచేసే బాధ్యత బిల్డరుదే. సేవాలోపానికి జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. తగాదా కమిటీతోనే అయితే, సంఘం 2001 చట్టం కిందదైనప్పుడు ఏ సభ్యుడైనా మధ్యవర్తిత్వ చట్టం కింద పోవచ్చు, లేదా నేరుగా జిల్లా కోర్టులో దరఖాస్తు పెట్టుకోవచ్చు. సహకార చట్టాల కిందదైతే రిజిస్ట్రార్, ట్రిబ్యునల్ దారి వేరు. సంఘమే లేని అయిదు ఫ్లాట్ల భవనానికి సివిల్ కోర్టే. ఏ గుమ్మం తొక్కాలో తెలుసుకోవాలంటే ముందు సంఘం రిజిస్ట్రేషన్ కాగితం చూడాలి. చాలామంది యజమానులు దాన్ని ఒక్కసారి కూడా చూసి ఉండరు.

కోర్టుకి వెళ్ళినా తర్వాత అదే లిఫ్టులో ఎదురుపడాలి. అందుకని రాజీయే మంచిదంటారు పెద్దలు, నిజమే. ఇరువైపులా ఎవరి హక్కు ఎంతో తెలిశాక చేసుకునేదే రాజీ. తెలియకముందు తల ఊపించుకుంటే అది లొంగుబాటు అవుతుంది. పార్కింగు చాలని చోట ఏడాదికోసారి వంతులు మార్చుకోవడం, డాబాలో సగం సోలార్‌కి, సగం ఖాళీగా ఉంచడం, టవర్ బదులు సోలార్‌తో ఉమ్మడి బిల్లు తగ్గించుకోవడం వంటి సర్దుబాట్లు దీర్ఘకాలం నిలుస్తాయి.

ఏం మారాలి

1987 చట్టం వచ్చే నాటికి ఈ ఊళ్ళలో అపార్ట్‌మెంటు ఒక వింత. ఇప్పుడు పేట పేటకీ అవే. యాజమాన్యం ఎవరిదో ఆ చట్టం చెప్పింది గానీ, భవనం పాతబడ్డాక ఉమ్మడి ప్రదేశాల్లో మార్పులకు ఎవరి సమ్మతి ఎంత కావాలో తరగతులుగా చెప్పే నియమావళి లేదు. రెరా బిల్డరుకి పెట్టిన మూడింట రెండొంతుల నియమాన్ని, కుటుంబానికొక ఓటు లెక్కతో సహా, సంఘాలకూ వర్తింపజేస్తూ సవరణ తేవాలి. వాటా పోయే పనులకు సంబంధితుల రాతపూర్వక సమ్మతి తప్పనిసరి చేయాలి. ఏడుగురు లేని చిన్న భవనాలకు సులువైన నమోదు దారి చూపాలి. తీరప్రాంతంలో పాతికేళ్ళు దాటిన భవనాలకు నిర్మాణ పరీక్ష, దానికో నిధి పెట్టాలి.

శాసనసభ కదిలే దాకా ఆగక్కర్లేని పని ఒకటుంది. ప్రతి సంఘం తన ఉమ్మడి ఆస్తి పట్టిక రాసుకోవచ్చు. డాబా ఎన్ని గజాలు, పార్కింగు చోట్లు ఎన్ని, ఎవరికి కేటాయింపు, ఏ గది ఎందుకు, ఏ గేటు ఎవరి దారి, ఎవరి దస్తావేజులో ఏ ప్రత్యేక హక్కు రాసి ఉంది. మంజూరైన ప్లాను నకలు మున్సిపాలిటీ నుంచి తెచ్చి దానికి జతచేసి, యజమానులంతా, ఊరవతల ఉన్నవాళ్ళు కూడా, సంతకాలు పెట్టాలి. ఫ్లాటు కొనబోయేవాళ్ళు మెయింటెనెన్సు ఎంతని అడిగే ముందు ఆ పట్టిక చూపించమని అడగాలి. చూపించలేని అపార్ట్‌మెంటులో కొనేవాడు ఫ్లాటుతో పాటు ఆ తగాదానూ కొనుక్కుంటున్నట్టే.